గడప దగ్గర చెప్పిన పేరు

పెళ్లయి వచ్చిన రోజు ఆడపడుచులు గడప దగ్గర ఆపి పేర్లు చెప్పమంటే, ఇందుమతి పేరు పలకడానికి ఆమె భర్త నత్తితో నానా అవస్థా పడ్డాడు. అప్పుడు తీసిన పెళ్లి వీడియోను ఆన్‌లైన్‌లో దాచుకుంటే, అందులోని నత్తిని లోపమనుకుని ఆ క్లౌడ్ తనంతట తానే దిద్దేసింది. పోయిన మనిషి ఇప్పుడు వార్తలు చదివినట్టు ఆమె పేరు చెబుతున్నాడు.

ఇందుమతి ఊరంతా గాలించి పాత డిస్క్ డ్రైవ్ ఒకటి సంపాదించింది.

"పెళ్లి సీడీ ఏదే?" అని కూతుర్ని అడిగింది.

"పావురాలు వాలకుండా బాల్కనీలో నువ్వే కట్టావు కదమ్మా."

ఎండకి వెలిసిపోయిన సీడీ డ్రైవ్‌లో కాస్త తిరిగి ఆగింది. మళ్లీ తిరిగి, మళ్లీ ఆగింది.

"ఇక రాదులే అమ్మా," అంది కూతురు.

ఇందుమతి డ్రైవ్ మీద చెయ్యి వేసింది.

"తొందరేం లేదు," అంది, ఆయనతో ఎప్పుడూ అన్నట్టే. "నెమ్మదిగా చెప్పండి."