తలుపు మాట

చీకటి పడ్డాక నర్సు ఆనందకుమారి గ్రేటర్ నోయిడాలోని ఆ కాలేజీ ప్రయోగశాలకు మండిపడుతూ వచ్చింది. కంప్యూటరుకు తెలుగు పలకడం నేర్పుతామంటే, నెలరోజులపాటు ఇక్కడే కూర్చుని వాక్యాలు చదివిపెట్టింది. నిన్న ఎవరో అచ్చం ఆమె గొంతుతో ఆసుపత్రికి ఫోన్ చేసి, డ్యూటీకి రానని చెప్పారు.

"పేర్లు తీసేశాకే రికార్డింగులు బయటివాళ్లకిచ్చాం మేడమ్," అన్నాడు పరిశోధకుడు సుధీంద్ర.

"గుమ్మం మీది బోర్డు పీకేసి ఇంటి తాళాలిచ్చినట్టుందయ్యా మీ నిర్వాకం! ఏమేమిచ్చారో వినిపించు."

వినిపించాడు. చదివిన వాక్యాలు అయిపోయాయి. కుర్చీ జరిగిన చప్పుడు వచ్చింది. ఆ తరువాత, మైకు కట్టేశామని వాళ్లు చెప్పిన టీ విరామంలో, ఇందిరాపురం ఇంట్లో ఒంటరిగా ఉండే కూతురితో ఆమె ఫోన్లో అన్న మాటలు: "నేనొచ్చి 'చింతచిగురు' అంటేనే తలుపు తియ్యి, తల్లీ."

"ఇదీ ఇచ్చారా?"

సుధీంద్ర తలూపి, రికార్డింగు ఆపేశాడు.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. కూతురు అనుగ్రహ.

"మమ్మీ, ఇంత జల్దీ వచ్చేశావా? బయట లైట్ లేదు, నీ గొంతు వినబడుతోంది గానీ నువ్వు కనబడట్లేదు. తలుపు తీయనా?"

"తియ్యకు! నేనింకా నోయిడాలోనే ఉన్నాను!"



"అచ్ఛా... నువ్వు మమ్మీవైతే ఆ మాట చెప్పు."

ఆనందకుమారి నోరు తెరిచింది. మాట బయటికి రాకముందే, ఫోన్లో, తలుపు అవతలినుంచి ఆమె గొంతే ఓపిగ్గా అంది:

"చింతచిగురు, తల్లీ."