తొమ్మిదొచ్చే పోర్టు

"ఈ పోర్టులో ఇప్పటికే ఏదో నడుస్తోంది బాబాయిగారూ," అంది మాణిక్యమ్మకు ఊపిరి యంత్రం బిగించడానికొచ్చిన ఫర్జానా.

నడుస్తున్నది నరహరి గుండె యంత్రం. ఊళ్లో అందరిలాగే ఆయనా ఇంట్లో యంత్రాలన్నిటినీ నడిపే సర్వరులో తన యంత్రం కలిసే దారికి, అంటే పోర్టుకు, నంబరు సిద్ధాంతిగారి చేతే పెట్టించుకున్నాడు. అంకెలు కూడితే తొమ్మిది. అది తనకు అచ్చొచ్చిందని, భార్య యంత్రానికీ పట్టుబట్టి కంపెనీలోనే అదే నంబరు వేయించాడు.

"ఒక పోర్టులో రెండు నడవవండి. నంబరు మార్చాలంటే ఏదో ఒకటి కంపెనీకి పంపాలి. పది రోజులు పడుతుంది."

మాణిక్యమ్మకు సాయంత్రం దాకా గడిచేట్టు లేదు.

"మన నంబరే ఇచ్చారా?" మంచం మీంచి ఆయాసపడుతూ అడిగిందామె.

"మనదే," అన్నాడు నరహరి. ఫర్జానా వైపు తిరిగి, చొక్కా గుండీలు విప్పుతూ గొంతు తగ్గించాడు. "నాది ఆపెయ్యమ్మా."