రోజూ నీ వంతే

"ఏమే వెనెజులాదానా! ఎనిమిదింటికి రమ్మన్నానా లేదా?"

ఎర్మెలిందా అరుపుకి ఇంటి రేకులు అదిరాయి.

"వస్తున్నా పెద్దమ్మా," అంది యుస్మారి, కూతురి చెప్పులు వెతుకుతూ.

"పిల్లని కూడా తీసుకురా. బఠానీలు ఒలుస్తుంది. ఊరికే ఎవడు పెడతాడు తిండి?"

రాత్రంతా ఆటో నడిపి, తెల్లారి తాగి వచ్చిన విల్మెర్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"దీనికి ఇంట్లో పనుంది."

"ఇది రాకపోతే ఇవాళ మీ ఇంటికి కూడు లేదు. నువ్వు వండుకుంటావా నాయనా?"

విల్మెర్ పక్కకి తప్పుకున్నాడు. "పోయి ఏడు," అన్నాడు పెళ్ళాంతో.

లిమా ఊరి చివర ఆ కొండవాడకంతటికీ ఒకటే ఉమ్మడి పొయ్యి. దాని మీద పెత్తనం ఎర్మెలిందాది. వంట పని ఆడవాళ్ళకి వారానికొక రోజు వంతు. యుస్మారికి మాత్రం రోజూ. బస్తాడు దుంపలు చెక్కు తీయాలి, ఆపైన అండాలు తోమాలి. మధ్యాహ్నం రెండు దాటితే గాని ముసలిది కదలనిచ్చేది కాదు.

"రోజూ నా వంతేనా పెద్దమ్మా?"

"రోజూ నీ వంతే. పరాయి దేశం నుంచి ఊడిపడి మా గంజి తాగడం లేదూ? చెక్కు పల్చగా తియ్యి."

పక్కనున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు.

యుస్మారికి పిల్ల పొయ్యి దగ్గరికి పోయినా భయమే, కంటికి కనపడకపోయినా భయమే. అన్నిటికన్నా పెద్ద భయం ఇంట్లో ఉంది. వాడి చేతిలో తను పోతే, ఈ ఊళ్ళో పిల్ల ఎవరి పాలవుతుంది? మేరీమాత దయవల్ల ఈ వాడకొచ్చిన ఎనిమిది నెలలూ పెద్ద దెబ్బ తగల్లేదు. ఈ ముసలిదాని పీడ కూడా వదిలిపోతే బాగుండును.

పొయ్యి సంఘం నెలాఖరు సమావేశంలో ఇక ఉండబట్టలేకపోయింది.

"పరాయిదాన్నని ఈవిడ నా చేత గొడ్డుచాకిరీ చేయిస్తోంది!"

"అదీ! గట్టిగా అడుగు," అన్నాడు విల్మెర్ తలుపు దగ్గర నిలబడి.

సంఘంలో పెద్దరికం ఉన్న నెలిదా, ఎర్మెలిందా వైపు తిరిగింది. "నిజమేనా?"

ఎర్మెలిందా ఏదో చెప్పబోయింది. తలుపు వైపు చూసి, ఆగిపోయింది.

"నిజమే. దీనికి పొగరు. అణచాలనే చేశా."

చేతులు లేచాయి. పెత్తనం నెలిదాకి దక్కింది. మూడోనాడు ఎర్మెలిందా మూట కట్టుకుని, కొండల్లోని తన పుట్టినూరికి బస్సెక్కింది. ఎవరూ సాగనంపలేదు.

మర్నాడు ఎనిమిదింటికి యుస్మారిని ఎవరూ పిలవలేదు.

విల్మెర్ తాగి వచ్చాడు. కాఫీలో చక్కెర చాలలేదన్నాడు.

ఆ మరునాడు పొద్దున్నే, ఎడమ చెయ్యి గుడ్డతో మెడకి కట్టుకుని, పిల్లని ముందు తోసుకుంటూ యుస్మారి పొయ్యి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, దుంపలివ్వు. ఒక్క చేత్తో అయినా తీస్తా. రెండింటిదాకా ఇక్కడే ఉండనీ. అప్పటికి వాడు నిద్రపోతాడు."

నెలిదా చేతిలో గరిటె ఆగింది.

"దుంపలకి మనిషి కరువా తల్లీ! గరిటె నా చేతికిస్తూ, 'దాన్ని రోజూ పిలువు, తిట్టైనా పిలువు' అంది ఆ ముసలావిడ. పదవి పోయిన కడుపుమంట అనుకున్నా."

"మరి అందరి ముందూ ఎందుకు చెప్పలేదు?"

"గుమ్మంలో నీ మొగుడున్నాడుగా. సంగతి తెలిస్తే నిన్ను మళ్ళీ గడప దాటనిస్తాడా?"

యుస్మారి పిల్లని దగ్గరికి లాక్కుంది.

"నేనంటే అంత కక్షగా ఉండేది కదక్కా... ఆవిడకెందుకు నా గొడవ?"

నెలిదా పొయ్యి వైపు తిరిగి, మెల్లగా అంది:

"ఆవిడ ఒక్కగానొక్క కూతుర్ని అల్లుడు తాగొచ్చి కొట్టి చంపిందీ ఇలాగే ఒక పొద్దున పదింటికి, ఆ వేళప్పుడు ఆవిడ ఇక్కడ నిలబడి మనందరికీ కూడు వండుతోంది."