ఫ్యాన్ వెయ్యని గది

“ఫ్యాన్ వెయ్యకు నాన్నా!”

రేణుక అరిచేలోపే ఏడుకొండలు స్విచ్ నొక్కేశాడు. ఆమె సొంతంగా చేసుకున్న సింథసైజర్‌లో నాదం పుట్టించే రెండు ఆసిలేటర్లు అంతవరకూ ఒకే స్వరం పలుకుతున్నాయి. గాలి తగలగానే ఒకటి జారింది. గదంతా వణికే నాదం.

“గంట కష్టం పోయింది! సర్క్యూట్ చల్లబడితే శ్రుతి మారిపోద్ది.”

“ఈ ఉక్కలో చస్తావా? మీ మావయ్య గన్నవరంలో ఉద్యోగం చూశాడు. ఏసీ గదంట. ఈ పెట్టె సర్దెయ్.”

“సర్దను. ముప్పయ్యేళ్లుగా మగ్గం గదిలో నువ్వెప్పుడన్నా ఫ్యాన్ వేశావా?”

“వేస్తే పడుగు ఆరిపోయి దారాలు తెగిపోవూ?”

“ఇదీ అంతే. మగ్గం మానెయ్యమని మావయ్య ఎన్నిసార్లు చెప్పాడు? మానేశావా?”

ఏడుకొండలు ఫ్యాన్ ఆపి, చెమట తుడుచుకుంటూ ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు.

సర్క్యూట్ మళ్లీ వేడెక్కాక రేణుక శ్రుతి నాబ్ తిప్పింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

“ఇంకా వణుకుతోంది. కొంచెం పైకి... ఇంకొంచెం... ఆపు.”

రెండు స్వరాలూ ఒక్కటయ్యాయి.

అప్పుడే ఫోన్ మోగింది. బావమరిది.

“ఉద్యోగమా? వద్దులే శంకర్,” అన్నాడు ఏడుకొండలు. “ఉంటాను మరి. పనిలో ఉన్నాం.”