మూడో మౌంటింగ్

"ఉంది," అన్నాడు మొహిద్దీన్ జీపు కింది నుంచి. "ఇంకా అదురుతోంది."

థామస్ ఫోన్‌లో టైం చూశాడు. ఒంటిగంట.

పొద్దున తొమ్మిదికి తన జీపుని జగ్గయ్యపేటలో మెకానిక్ మొహిద్దీన్ షెడ్డుకి తెచ్చాడు. అప్పుడు అదురు నిజమే. డ్యాష్‌బోర్డు మీద పెట్టిన అగ్గిపెట్టె జరుగుతూ వచ్చి కింద పడేది. మొహిద్దీన్ ఇంజన్ కింద చెక్కముక్క పెట్టి, జాకీతో రెండంగుళాలు లేపి, ఎడమ పక్క మౌంటింగ్ విప్పాడు. ఇంజన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఉండాల్సిన రబ్బరు రెండు ముక్కలై చేతికొచ్చింది.

కొత్తది వేశాడు. తగ్గలేదన్నాడు. కుడి పక్కది మార్చాడు. ఇప్పుడూ అదే మాట.

థామస్ కూడా వంగి ఛాసిస్ మీద చెయ్యి పెట్టాడు.

"నాకేం తెలీడం లేదు బాబాయ్."

"నీకు తెలిస్తే ఇక నేనెందుకురా? నువ్వు స్టీరింగ్ తిప్పుకో."

 థామస్‌కి ఆ మాట కాదనడానికి లేదు. ముక్త్యాల వైపు ఒక క్వారీలో కిరాయి బండ్లు చూసేది హరిచరణ్. వాన పడితే ఆ దారి మామూలు బండి ఎక్కదు. ఇంజనీర్లను పైకి తీసుకెళ్లడానికి ఫోర్ వీల్ జీపు కావాలి. సాయంత్రం నాలుగింటిలోగా బండి ఖాయం చెయ్యాలి. కంచికచర్ల నుంచి ఇంకొకతను కూడా జీపు తెచ్చాడు. ముందు మాట ఇచ్చింది థామస్‌కి కాబట్టి హరిచరణ్ ఆగాడు. ఒకటే షరతు పెట్టాడు.

"మొహిద్దీన్ బాగుందన్నాడంటే చాలు. నేను చూడను కూడా చూడను."

ఆ చుట్టుపక్కల పాత బండి కొనేవాళ్లదీ అదే పద్ధతి. మొహిద్దీన్ బండి కింద వెల్లకిలా పడుకుంటాడు. కళ్లు మూసుకుని ఛాసిస్ మీద కుడి అరచెయ్యి ఆనిస్తాడు. మౌంటింగ్ మంచిదైతే ఇంజన్ అదురు ఛాసిస్‌కి దిగకూడదు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఇంజన్ల పక్కన ఉండి చెవులు మందగించాయి. చెయ్యి చెప్పిందే మాట. ఆ మాట ఇంతవరకు తప్పలేదు.

థామస్‌ది అనుమంచిపల్లి. జీపు రెండు నెలలుగా ఇంటి ముందే ఉంది. ఈ కిరాయి పోతే అమ్మేయడమే.

మిగిలింది గేర్‌బాక్సు కింది మౌంటింగ్ ఒక్కటే. అది ఊళ్లో దొరకలేదు. నందిగామలో స్పేర్ పార్టుల కొట్టు వాసింకి ఫోన్ చేశారు. బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతానన్నాడు.

బస్సు వచ్చేదాకా చేసేదేం లేదు. షెడ్డు వెనకే ఇల్లు. మొహిద్దీన్ భార్య హజరాబీ టీ తెచ్చింది. థామస్‌కి నిండు గ్లాసు, భర్తకి సగం.

"అదేంటి పిన్నీ, బాబాయికి కోత?"

"నిండా పోస్తే సగం చొక్కాకి తాగిస్తాడయ్యా మీ బాబాయ్. ఉతికేది నేను."

"గ్లాసు కాలుతుంటే ఏం చెయ్యను?" అన్నాడు మొహిద్దీన్. తర్వాత జీపు వైపు తిరిగాడు. "ఈమధ్య వచ్చినవన్నీ ఇంతే థామసూ. పోయిన నెల నాలుగు బండ్లు పనికిరావని వెనక్కి పంపా. రబ్బరులో పస లేదు."

"అదే కంపెనీ కదా బాబాయ్?"

"పేరు అదే. సరుకు అది కాదు."

మూడింటికి మౌంటింగ్ వచ్చింది. అది వచ్చిన ఐదు నిమిషాలకి కరెంటు పోయింది. పక్క వెల్డింగ్ షాపువాళ్లు జనరేటర్ వేశారు. ఆ మోతలో ఒకరి మాట ఒకరికి వినబడాలంటే అరవాల్సిందే.

మొహిద్దీన్ మళ్లీ కిందికి దూరాడు. పాత బోల్టులు విప్పడం తేలిగ్గానే అయింది. కొత్తవి బిగించేటప్పుడు నట్టు జారి పడింది. మళ్లీ పడింది.

"ఆయిల్ చేతులు. నువ్వు ఎక్కించరా!"

థామస్ పక్కన దూరి నట్టు ఎక్కించాడు. పానాతో ఇద్దరూ కలిసి బిగించారు.

నాలుగింటికి ఇరవై నిమిషాలుండగా థామస్ సీటులో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజన్ అందుకుంది. మొహిద్దీన్ కింద పడుకుని కళ్లు మూసుకున్నాడు. అరచెయ్యి ఛాసిస్‌కి ఆనించాడు.

ఫోన్ మోగింది. హరిచరణ్. జనరేటర్ మోతలో ఒక్క ముక్క వినబడలేదు. థామస్ జీపు దిగి రోడ్డు దాకా పరిగెత్తాడు.

"ఏమన్నాడు?"

"చూస్తున్నాడండి."

"పొద్దుట్నుంచీ చూస్తానే ఉన్నారు కదయ్యా. కంచికచర్ల అతను నా ఎదురుగా కూర్చున్నాడు. పది నిమిషాలు ఆగుతా. మొహిద్దీన్ చేత ఒక్క మాట చెప్పించు. లేకపోతే నన్ను అనొద్దు."

థామస్ తిరిగొచ్చేసరికి జీపు కింది నుంచి మొహిద్దీన్ కాళ్లు మాత్రం కనబడుతున్నాయి. థామస్ నేల మీద మోకాళ్లాన్చి లోపలికి చూశాడు. మొహిద్దీన్ కళ్లు మూసుకునే ఉన్నాడు. చెయ్యి పెట్టిన చోటే ఉంది.

"బాబాయ్!" అరిచాడు థామస్. "హరిచరణ్ గారు అడుగుతున్నారు. ఏం చెప్పమంటావ్?"

మొహిద్దీన్ కళ్లు తెరవలేదు. చెయ్యి ఇంకొంచెం నొక్కిపెట్టాడు. కాసేపు చూశాడు.

"ఉందిరా. మూడూ మార్చినా అలాగే ఉంది."

"సరిగ్గా చూడు బాబాయ్."

"చూస్తానే ఉన్నా కదా. సన్నగా, ఆగకుండా వస్తోంది. మీ నాన్న బండి కూడా నేనే చూశా, నీకు అబద్ధం చెప్పలేను. ఈ జీపు నా వల్ల కాదు థామసూ. ఆ ఫోన్ ఇటివ్వు, హరిచరణ్‌కి నేనే చెబుతా."

థామస్ ఫోన్ ఇవ్వలేదు. మొహిద్దీన్ చెయ్యి పక్కనే ఛాసిస్ మీద తన అరచెయ్యి పెట్టాడు. దానికి ఏ అదురూ తగల్లేదు. తర్వాత రెండో చెయ్యి జేబులో పెట్టి బండి తాళం బయటికి తీశాడు.

"బాబాయ్," అన్నాడు అతని చెవి దగ్గరికి వంగి, "ఫోన్ మాట్లాడ్డానికి పోయేముందే ఇంజన్ ఆపేశా."