రేల చేవ కలం

మూడో కలానికి మెరుగు పెడుతుండగా ముందుగదిలోంచి అత్తగారి కేక వినబడింది.

"అల్లుడుగారూ, నా చేతికర్ర ఇలా ఇస్తారా? ఇక లేచి నడవమన్నాడు డాక్టరు!"

చెక్కను తిప్పే లేతు మిషను ఆగింది. కలాల బ్రహ్మగారి గుండె కూడా దానికి తోడుగా కాసేపు ఆగింది. రేల చెట్టు చేవతో చేసిన ఆ కర్రలోని చారలు చూసి మనసు పారేసుకుని, ఆ మహాశిల్పి దాన్ని మూడు కలాలుగా తరింపజేశాడు మరి.

భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది.

"కొంప మునిగిందే! మీ అమ్మ ఇక లేవదని డాక్టరు తేల్చేశాడన్నావుగా?"

"అన్నాను."

"పోనీ, బజారుకెళ్ళి ఇంకో కర్ర తెస్తాను."

"ఎందుకూ దండగ! నాన్న చెక్కిచ్చింది తప్ప ఇంకోటి ముట్టుకోదు. అది లేకపోతే మంచమే దిగదు."

ఆవిడ కలం అందుకుని వెలుతురులో తిప్పి చూసింది.

"బాగా కుదిరిందండీ. అసలు ఆ కర్ర తెచ్చి మీ లేతు పక్కన పెట్టిందెవరనుకున్నారు? అమ్మ లేస్తుందని డాక్టరు మొదటిరోజే చెప్పాడు. లేచిందంటే తిన్నగా నా వంటింట్లోకే వస్తుంది."

తర్వాత ముందుగదిలోకి వెళ్ళి, తల్లికి దుప్పటి మెడదాకా కప్పింది.

"ఎక్కడా కనబడట్లేదమ్మా. పడుకో."