పదివేల ఒకటి

మునిరామయ్య జవాబు కాగితాన్ని చంద్రమౌళి సారు బల్ల మీద పరిచి, ఎర్ర సున్నా మీద వేలు పెట్టాడు. నగరి నుంచి పుత్తూరు దాకా బస్సులో నిలబడి వచ్చినా ఆయన కోపం చల్లారలేదు. వెనక మనవరాలు మహిత తల వంచుకుని నిలబడింది.

"ఈ సున్నా యందుకేసినావు సారూ?"

"పదివేల ఒకటి ప్రధాన సంఖ్య పెద్దాయనా. దేంతోనూ పోదు. యాభై దాకా నేనే భాగించి సూసినా."

"యాభై కాడ ఆగిపొమ్మని ఎవురు జెప్పినారు?"

ఈ పరీక్షలో ముప్పై అయిదు వస్తేనే పదో తరగతి పెద్ద పరీక్షకు పంపుతారు. వచ్చినవి ముప్పై మూడు. ఆ లెక్కకు రెండు మార్కులు.

"డెబ్బై మూడు ఇంటూ నూటా ముప్పై ఏడంట," సారు నవ్వాడు. "నోటికొచ్చిన అంకెలు రాస్తే జవాబైపోతాదా? ల్యాకుంటే పక్కనోళ్లది సూసి రాసుండాల."

మునిరామయ్య చెవులు ఎర్రబడ్డాయి.

"మా ఇంట్లో నూలు దొంగ ల్యాడు, జవాబు దొంగా ల్యాడు. ఆర్నెల్లుగా ఈ పిల్ల ఆటాపాటా మానేసి లెక్కల కాడే కూసున్నాది."

"తాతా, మెల్లగా."

"నువ్వుండు మే." ఆయన సారు వైపు వంగాడు. "నలభై ఏండ్లుగా మగ్గానికి పడుగు పోగులు పోస్తుండా. మేం పోగుల లెక్క సున్నాతో ముగించం, అరిష్టం. పదివేలకు ఒకటి ఎక్కువేస్తాం. ఆ ఒక్క పోగుకని పడుగు చట్రం మళ్లీ తిప్పాల్నా? మా నాయన దానికో దోవ కనిపెట్టినాడు. నూటా ముప్పై ఏడు నూలు కండెలు ఎక్కించి డెబ్బై మూడు సార్లు తిప్పు, తిప్పుకు కండెకో పోగు. పోగు మిగల్దు, పోగు తగ్గదు. కలం తియ్, గుణించు."

సారు గుణించాడు. డెబ్బైసార్లకు తొమ్మిది వేల అయిదు వందల తొంభై. మూడుసార్లకు నాలుగు వందల పదకొండు. కూడాడు. మళ్లీ కూడాడు.

"ఏం సారూ, పోగు తెగిందా?"

సారు ఎర్ర కలం కోసం సొరుగు లాగాడు.

"వచ్చే ఏడు సూద్దాంలే అంటివే మొన్న. వచ్చే ఏటికి ఎవురుంటారో, ఎవురు పోతారో నీకేం తెలుసు?"

సారు సున్నా కొట్టేసి రెండు వేశాడు. ముప్పై మూడు కొట్టేసి ముప్పై అయిదు రాశాడు.

"తప్పు నాదే పెద్దాయనా. మార్కు దిద్దినాం గదా, పక్కన పరీక్ష రాసినోళ్లు సంతకం పెట్టాల."

మహిత పెన్ను మూత తీసి తాత చేతికిచ్చింది. అరవై ఏడేళ్ల విద్యార్థి తన జవాబు కాగితం మీద, మనవరాలు నేర్పిన గుండ్రటి అక్షరాల్లో, మునిరామయ్య అని సంతకం పెట్టాడు.